ఎనిమిది సెకన్ల కారు, నాలుగు నెలల కాపురం

కొత్తగా పెళ్ళయిన ప్రతి జంటకూ ప్రభుత్వం ఒక మోడల్ కారు కిట్ ఉచితంగా పంచిపెట్టాలి. ఒక చేత్తో పెళ్ళి సర్టిఫికెట్, ఇంకో చేత్తో కిట్ డబ్బా. డబ్బా వద్దన్నవాళ్ళకు సర్టిఫికెట్ కూడా ఆపేయాలి!

ఈ మాట తొందరపడి అనడం లేదు. నాకు పెళ్ళయి నాలుగు నెలల పదకొండు రోజులయింది. అనుభవం మీద చెబుతున్నాను. పాతికేళ్ళు కాపురం చేసినవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారేమో. నవ్వుకోండి. మీ ఇంట్లో డ్రాగ్ రేసు కారు లేదు కాబట్టి మీకు తెలియదు.

అసలు డ్రాగ్ రేసంటే ఏమిటి? పెళ్ళికి ముందు నాకూ తెలియదు. తిన్నగా ఉన్న రోడ్డు, పావు మైలు పొడవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం వెలుగుతుంది. దూసుకుపోతాయి. అంతే! మలుపుల్లేవు, మధ్యలో ఆగి టీ తాగడాల్లేవు. అరవై ఏళ్ళ కిందటి మంచి కారయితే ఎనిమిది సెకన్లలో ఆట ముగించేది. మీరు ఈ పేరా చదవడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

ఇక ఆ కారు అందం. ముందు సైకిల్ చక్రాల్లాంటి రెండు సన్న చక్రాలు. వెనక రోడ్డు రోలర్లాంటి రెండు లావు చక్రాలు. మధ్యలో నిచ్చెన లాంటి చట్రం, దాని మీద మూతా ముసుగూ లేని ఇంజిను. డ్రైవరు వెనక చక్రాలకు కూడా వెనకాల, దాదాపు తోక మీద కూర్చుంటాడు. ఆపడానికి కుడిచేతి పక్కన ఒక బ్రేకు లీవరు. అది చాలదని వెనక ఒక పారాచూట్. మొత్తం మీద ఎవరో కారు కట్టడం మొదలుపెట్టి, సగంలో ఫోనొస్తే వెళ్ళిపోయినట్టు ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. పాతికో వంతుకు కుదించిన ఆ జానెడు కారును బొమ్మ అనకూడదు. మోడల్ అనాలి. పెళ్ళయిన వారానికి నేను నోరుజారి, "ఈ బొమ్మకారు డబ్బా ఎక్కడ పెట్టమంటారండీ?" అన్నాను. మావారు సాయంత్రం దాకా అవునూ కాదూ తప్ప మాట్లాడలేదు. మా కాపురంలో అదే మొదటి అలక. అందులోనూ అలిగింది ఆయన! ఎంతమంది కొత్త పెళ్ళికూతుళ్ళకు దక్కుతుంది ఆ అదృష్టం?

మావారు లిఫ్టు మెకానిక్. మీ ఆఫీసు లిఫ్టు నాలుగో అంతస్తుకూ అయిదో అంతస్తుకూ మధ్య ఆగిపోయి, మీరు లోపల్నుంచి తలుపు బాదుతున్నప్పుడు, పైనుంచి "కంగారు పడకండి, వచ్చేశాను" అని వినబడే గొంతు ఆయనదే. రోజంతా సెకనుకు మీటరు చొప్పున కదిలే వస్తువులతో గడిపే మనిషికి వేగం మీద మోజుండదా మరి? ఆ సంగతి తెలిసిన ఆయన వర్క్‌షాపు వాళ్ళు పెళ్ళికానుకగా ఈ కిట్ ఇచ్చారు. డబ్బా సైజు చూసి మా పిన్ని మిక్సీ అనుకుంది. మూడు రోజులు నా అదృష్టాన్ని మెచ్చుకుంది కూడా.

విప్పితే లోపల బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కున్న నూట పద్నాలుగు ముక్కలు. చేప తిన్నాక పళ్ళెంలో మిగిలిన ముళ్ళలా ఉన్నాయి. అయితే ప్రతి ముక్కకూ ఒక నంబరుంది. నేను లైబ్రరీలో కేటలాగు చూసే మనిషిని. నంబరున్న దేన్నయినా గౌరవించడం నా వృత్తిధర్మం. అందుకే నోరుమూసుకున్నాను.

పనికి చోటు కావాలి కదా? మా ముందుగదిలో నలుగురు కూర్చునే భోజనాల టేబులుంది. పెళ్ళికి ముందు నేనూ మా అమ్మా నాలుగు షాపులు తిరిగి, అంచులు నిమిరి, కాళ్ళు ఊపి, ఎంచి ఎంచి కొన్న టేబులది. దాని మీద మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతామని, ఆయనేదో అంటారని, నేను నవ్వుతానని ఊహించుకున్నాను. ఆయన అనబోయే మాటలు కూడా ఒకటి రెండు నేనే రాసి పెట్టుకున్నాను.

ఆ టేబులంతా కారు ఆక్రమించింది. ఎంత మేలు జరిగిందో చూడండి!

మొదటిది, ఆరోగ్యం. మేం వంటగది గట్టు మీద పళ్ళేలు పెట్టుకుని, గ్లాసులు కిటికీ అంచున పెట్టుకుని, నిలబడి తింటాం. నిలబడి తినేవాడికి మూడోసారి వడ్డించుకోబుద్ధి కాదు. ఇద్దరం చెరో కిలోన్నర తగ్గాం.

అతిథి మర్యాద కూడా సులువైపోయింది. గుమ్మంలో చుట్టాలు కనబడగానే మావారు, "ఆగండాగండి, రంగు ఆరలేదు!" అని అరుస్తారు. ఎవరి రంగో, ఏం రంగో వాళ్ళకు తెలియదు. ఒంటికాలి మీద నిలబడి క్షేమసమాచారాలు అడిగేసి వెళ్ళిపోతారు.

కొత్త దంపతులను పీక్కుతినే ఆ ప్రశ్న ఉంది చూడండి, దానికి కూడా మా దగ్గర ఎప్పుడూ జవాబు సిద్ధం. పిన్ని వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది.

"ఏమ్మా, ఏమైనా విశేషమా?"

"ఉంది పిన్నీ. నిన్న ఎనిమిది పొగగొట్టాలు పడ్డాయి."

"ఏంటీ?"

"నాలుగు ఇటు, నాలుగు అటు. వంకర లేకుండా బాగా కుదిరాయి."

అవతల ఫోన్ ఠక్కున పెట్టేసిన చప్పుడు. తర్వాత పిన్ని మా అమ్మకు ఫోన్ చేసి, "దానికి కాస్త విశ్రాంతి కావాలే అక్కా" అంటుందట.

ఇక నా సామాను. పెళ్ళికి ముందు ఏ పనీపాటా లేకుండా డ్రాయర్లో పడి ఉండేది. ఇప్పుడు ప్రతి వస్తువుకూ ఉద్యోగం దొరికింది. జిగురు ఆరేదాకా ముక్కల్ని నొక్కి పట్టడానికి నా హెయిర్ క్లిప్పులు. పెద్ద ముక్కలకు బట్టల క్లిప్పులు. అందుకే మా బట్టలు తీగ మీంచి ఎగిరి కింది ఫ్లాటు వాళ్ళ బాల్కనీకి షికారు వెళుతుంటాయి, వాళ్ళతో మాకు పరిచయం పెరిగింది. నా ఎర్ర నెయిల్ పాలిష్ కారు ముక్కుకు వెళ్ళింది. ఇంజినుకు వెండి మెరుపు కావాలని మావారు చాక్లెట్లు కొనుక్కొచ్చారు. చాక్లెట్ నాకు, కాగితం కారుకు. ఇంజిను పెద్దదయితే బాగుండుననిపించింది.

అన్నిటికంటే పెద్ద వరం నిశ్శబ్దం! ట్వీజర్తో ముక్క పట్టుకుని, భూతద్దం బిగించిన దీపం కింద తల వంచిన మనిషితో ఎవరైనా గొడవ పడగలరా? నేను ప్రయత్నించాను. తడి తువ్వాలు మంచం మీద పడేశారని, పద్ధతిగా గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఆయన తలెత్తకుండా వేలు పైకెత్తారు.

"నలభై సెకన్లు ఆగు. జిగురు పట్టనీ."

నలభై సెకన్లు ఆగాను. కోపమంటే నలభై సెకన్లు నిలవ ఉండే సరుకు కాదు. చల్లారిపోయింది. తువ్వాలు నేనే ఆరేశాను.

ఆయన పొద్దున్న ఆరింటికల్లా వెళ్ళిపోతారు. ఆఫీసులు తెరిచే లోపే లిఫ్టులు చూడాలి. నాలుగింటికి తిరిగొచ్చి టేబుల్ దగ్గర కూర్చుంటారు. నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఆరున్నర. అప్పుడు నాకు కనబడేది ఆయన నడినెత్తి. మూడు నెలల్లో నేను మావారి ముఖం కంటే నడినెత్తినే ఎక్కువ చూశాను. రెండు సుడులున్నాయి. రెండు సుడులున్నవాడికి ఇద్దరు పెళ్ళాలంటారు. మా ఇంట్లో ఆ లెక్క సరిపోయింది. రెండోది టేబుల్ మీద ఉంది.

ఇంతవరకూ మామూలు లాభాలే. అసలు మహిమ ముప్పై ఏడో నంబరు ముక్కతో మొదలయింది.

ఇది మూడు వారాల కిందటి సంగతి. నేను అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాను. 'టిక్' మని చిన్న చప్పుడు.

"కదలకు!" అన్నారు మావారు.

"నేనా?"

"నువ్వే. పాదం ఎత్తకు. దించకు."

ఒక పాదం ఇప్పటికే గాల్లో ఉంది.

"ఏమైందండీ?"

"బ్రేకు లీవరు. ట్వీజర్లోంచి ఎగిరిపోయింది."

"ఎంతుంటుంది?"

"బియ్యపు గింజలో సగం."

"రంగు?"

ఆయన నేల వైపు చూశారు. మా ఇంటి నేల బూడిదరంగు.

"ఇదే రంగు" అన్నారు నీరసంగా.

మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ల టార్చీలు వెలిగించి, నేలకు చెంపలు ఆనించి వెతకడం మొదలుపెట్టాం. నేను సోఫా వైపు నుంచి, ఆయన గోడ వైపు నుంచి. టేబుల్ కింద ఇద్దరి తలలూ ఢీకొన్నాయి.

"అబ్బా!"

"నీ తల ఇంత గట్టిదనుకోలేదు లైబ్రరీ మేడమ్."

"మీ లిఫ్టుల కంటే నయమే. మధ్యలో ఆగిపోదు."

ఆయన నవ్వారు. కింద నుంచి చూస్తే ఆయన గడ్డం కింద చిన్న మచ్చ ఉంది. ఏమిటని అడిగాను. చిన్నప్పుడు సైకిలుకు బ్రేకులు ఊడదీసి, వేగం పెరుగుతుందేమో చూశారట. పెరిగిందట.

అక్కణ్ణుంచి మాటలు అందుకున్నాయి. ఆ రోజు పొద్దున్న ఒక లిఫ్టులో ఇద్దరు పొరుగువాళ్ళు ఇరుక్కున్నారట. ఆరేళ్ళుగా ఒకరితో ఒకరికి మాటల్లేవట. నలభై నిమిషాల తర్వాత మావారు తలుపు తెరిస్తే, వాళ్ళు నేల మీద కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటూ, "ఇంకో అయిదు నిమిషాలాగి రావయ్యా" అన్నారట.

నేను మా లైబ్రరీ పెద్దాయన గురించి చెప్పాను. పదకొండేళ్ళ కిందట తీసుకెళ్ళిన పుస్తకం తిరిగి తెచ్చి, తొమ్మిదో పేజీ దగ్గర గుర్తు చూపించి, "మళ్ళీ నా పేరు మీదే రాయమ్మా, ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది" అన్నాడు.

టేబుల్ కిందే టీ తాగాం. లీవరు దొరకలేదు. గంటన్నర గడిచింది.

మర్నాడు సాయంత్రం నేను రాగానే ఆయన భూతద్దం దీపం ఆర్పేసి లేచి నిలబడ్డారు. "పద, ఓ పది నిమిషాలు వెతుకుదాం" అన్నారు. పది నిమిషాలు అరవై అయింది. ఆ మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే!

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి. మీ ఇంట్లో సాయంత్రం పూట భార్యాభర్తలు ఎదురుబదురుగా, నేల మీద బోర్లా పడుకుని, రెండు జానల దూరంలో ముఖాలు పెట్టుకుని గంటసేపు మాట్లాడుకుంటారా? టీవీ కనిపెట్టినవాళ్ళు ఇవ్వగలిగారా ఇది? ఒక్క ప్లాస్టిక్ ముక్క, అదీ లేని ముక్క, ఇచ్చింది! పైగా ముక్క దొరికేదాకా ముందుగది ఊడవకూడదని మావారు ఉత్తర్వు వేశారు. చీపురు నిషేధం! ఏ కొత్త కోడలికైనా పుట్టింటివాళ్ళు కూడా ఇవ్వలేని సౌకర్యమిది.

ఇంత సుఖంగా ఉన్న ఇంటికి ఒక ఆదివారం అడ్డొచ్చింది.

మోడల్ కార్ల క్లబ్బువాళ్ళు ఏటా ఒక్కసారి ప్రదర్శన పెడతారు. వాళ్ళ కార్యదర్శి ఒక రిటైరయిన డ్రాఫ్ట్స్‌మన్, జీవితమంతా ప్లాన్లు గీసిన మనిషి. జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలుంటుంది కాబట్టి అందరూ ఆయన్ని స్కేలు బాబాయ్ అంటారు. మావారు పదేళ్ళుగా ఆ ప్రదర్శనకు చూడ్డానికి వెళుతున్నారు. సొంత కారు పెట్టడం ఇదే మొదటిసారి. పెళ్ళికి ముందు ఆయన నాతో మాట్లాడిన మూడు మాటల్లో ఒకటి ఇదే. "ఈసారి నాదీ ఒకటుంటుంది." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆ చెవులు చూసే ఒప్పుకున్నాను.

ఇంకో వారముందనగా స్కేలు బాబాయ్ ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టి మరీ విన్నాం.

"ఏమయ్యా లిఫ్టూ, నీ బండి సిద్ధమేనా?"

"అంతా అయింది బాబాయ్. బ్రేకు లీవరు ఒక్కటే పోయింది."

"బ్రేకు లేని బండిని నా టేబుల్ ఎక్కించను. జనం చూస్తే క్లబ్బు పరువేం కాను?"

"అది కదలదు కదండీ బాబాయ్" అన్నాను నేను ఉండబట్టలేక.

"కదలకపోతే మాత్రం? నియమం నియమమేనమ్మా. నూట పద్నాలుగంటే నూట పద్నాలుగే. ఆదివారం పొద్దున పదింటికి నేనే లెక్కపెడతాను."

మావారు కాసేపు టేబుల్ వైపు చూశారు. "అయితే ఈ ఏడాదికి వద్దులే బాబాయ్" అన్నారు. కారు మీద గాజు గిన్నె బోర్లించి, "ఎండ తగులుతోంది" అంటూ అంతకుముందే ఎప్పుడో గోడవైపు తిప్పి పెట్టిన కారును ఇంకాస్త గోడవైపు జరిపారు. ఆ సాయంత్రం కూడా మామూలుగానే, "పద, ఓ పది నిమిషాలు" అన్నారు.

ఇదిలా ఉండగా శుక్రవారం అత్తయ్య వచ్చింది. తలుపు తీసే ఉంది. ఆవిడ లోపలికొచ్చేసరికి కొడుకూ కోడలూ టేబుల్ కింద ఉన్నారు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి.

"ఒరేయ్, ఏం చేస్తున్నార్రా అక్కడ?"

"వెతుకుతున్నాం అమ్మా."

"ఎన్నాళ్ళబట్టి?"

"రెండు వారాలు దాటింది అత్తయ్యా" అన్నాను, వినయంగా, టేబుల్ కింద నుంచే.

అత్తయ్య ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు హెడ్ నర్సుగా చేసిన మనిషి. పోయిన వస్తువు దొరక్కపోవడమనేది ఆవిడ డ్యూటీలో ఎప్పుడూ జరగలేదు. బ్యాగు కుర్చీలో పెట్టి, చేతులు నడుముకు పెట్టుకుంది.

"వీడు రెండో క్లాసులో గోడ గడియారం విప్పాడమ్మాయ్. అప్పుడూ ఇంతే, నెల్లాళ్ళు ఇంటిల్లిపాదినీ నేల మీద పాకించాడు. ఇంతకీ మీ ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ లేదా?"

"ఉంది" అన్నాను.

"దాని మూతికి పల్చటి గుడ్డ కట్టి గదంతా లాగు. ఎంత చిన్నదైనా గుడ్డకు అంటుకుంటుంది. అయిదు నిమిషాల పని. ఎక్కడుందో చెప్పు, నేను తెస్తాను."

"వద్దు!" అన్నాను నేను.

"వద్దు!" అన్నారు మావారు.

రెండు వద్దులూ ఒకేసారి వచ్చాయి. ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను.

"దుమ్ము లేస్తుందమ్మా" అన్నారాయన. "రంగు పాడవుతుంది."

"చప్పుడు అత్తయ్యా" అన్నాను నేను. "కింది ఫ్లాటు వాళ్ళు ఏమైనా అనుకుంటారు."

"సాయంత్రం ఏడింటికా?"

మేం టార్చీలు మళ్ళీ నేల మీదికి తిప్పాం. అత్తయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది, జ్వరం తెచ్చిపెట్టుకున్న పేషెంట్లను చూసినట్టు. తర్వాత బ్యాగు తీసుకుంది.

"వెతుక్కోండి, వెతుక్కోండి. మీ నాన్న కళ్ళజోడు నెత్తిమీదే పెట్టుకుని నన్ను సంవత్సరాల తరబడి వెతికించారు. నేను ఒక్కసారైనా చెప్పానా?"

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మాట నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు. ఎక్కకపోవడానికి కారణముంది. నా ధ్యాసంతా నా దుద్దుల డబ్బా మీద ఉంది.

ఎందుకంటే, పాఠకులారా, ముప్పై ఏడో నంబరు ముక్క నా దగ్గరే ఉంది.

పోయిన మర్నాడే దొరికింది. లైబ్రరీలో చెప్పు విప్పి చూస్తే అరికాలి వైపు గాడిలో ఇరుక్కుని ఉంది. ఆయనకు ఫోన్ చేద్దామని తీశాను కూడా. కానీ ముందురోజు సాయంత్రం గుర్తొచ్చింది. గడ్డం కింద మచ్చ గుర్తొచ్చింది. ఒక్కరోజు ఆగి ఇద్దామనుకున్నాను. దుద్దులు పెట్టుకునే చిన్న డబ్బాలో దాచాను. కేటలాగు మనిషిని కదా, ఊరికే పడేయలేక చిన్న చీటీ కూడా రాసిపెట్టాను. 'నం. 37. బ్రేకు లీవరు. ఒకటి.' కింద అందిన తేదీ. మా వృత్తిలో పోయిన వస్తువంటూ ఉండదు. వేరేచోట ఉన్న వస్తువు మాత్రమే ఉంటుంది.

ఆ ఒక్కరోజు రెండు వారాలు దాటింది. ఈలోగా ఆదివారం వచ్చిపడింది. పదేళ్ళుగా చూస్తున్న కల ఆయన గాజుగిన్నె కింద పెట్టేసి నాతో పాటు నేల మీద పాకుతున్నారు. నేనేమో ఆయన చెవులు చూసి పెళ్ళి చేసుకున్నదాన్ని!

శనివారం నాకు సగంపూటే డ్యూటీ. ఆయన రాకముందే ఇంటికొచ్చాను. పథకం సిద్ధం. లీవరును కిట్ డబ్బా అడుగున, అట్ట మడతలో పెడతాను. 'అయ్యో, ఇక్కడే ఉందే!' అని నేనే దొరికించుకుంటాను. దొంగలందరూ నాలాగే ఆలోచిస్తారేమో.

డబ్బా మూత తీశాను. అందులో కిట్‌తో వచ్చిన సూచనల కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పాను. లిఫ్టు మెకానిక్కులకు ఒక అలవాటుంది. ప్రతి లిఫ్టు గదిలో ఒక కార్డు వేలాడుతుంది. ఏ పని చేసినా దాని ఎదురుగా టిక్కు పెట్టి, తేదీ వేసి, సంతకం చేయాలి. చేయకపోతే ఆ పని జరగనట్టే. మావారు కారుకూ అంతే చేశారు. ఒకటి, టిక్కు, తేదీ, సంతకం. రెండు, టిక్కు, తేదీ, సంతకం.

ముప్పై ఏడు. టిక్కు. తేదీ. సంతకం.

పక్కన బుల్లి అక్షరాలతో, 'బదులు భాగం అమర్చబడింది.'

తేదీ పన్నెండు రోజుల కిందటిది!

గాజుగిన్నె తీసి, కారును ఇటు తిప్పి, భూతద్దం దీపం వెలిగించాను. డ్రైవరు సీటు కుడిపక్కన, ఉండాల్సిన చోట, ఉండాల్సిన వంపుతో, బ్రేకు లీవరుంది. సన్నటి ఉక్కు తీగ. నా హెయిర్ పిన్ను చివర. దాని తలకాయ మీద గుండుసూది మొనంత చుక్క, నా నెయిల్ పాలిష్.

పన్నెండు రోజులుగా కారు పూర్తయిపోయి ఉంది. పన్నెండు రోజులుగా ఈ మనిషి, పూర్తయిన కారును గోడవైపు తిప్పి, 'పద, ఓ పది నిమిషాలు వెతుకుదాం' అంటున్నాడు. స్కేలు బాబాయ్‌తో కూడా వద్దనేశాడు!

నాలుగింటికి ఆయన వచ్చారు. నేను టేబుల్ కింద కూర్చుని ఉన్నాను.

"అప్పుడే మొదలుపెట్టేశావా?" అంటూ ఆయనా వంగి లోపలికొచ్చారు.

నేను అరచేయి తెరిచాను. చీటీతో సహా.

ఆయన లీవరు చూశారు. చీటీ చదివారు. తేదీ దగ్గర ఆగారు.

"ఇది... ఆ మర్నాడే!"

"అవును. మరి మీ కార్డు మీద తేదీ?"

చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఆయన నోరు తెరవబోయారు. నేను వేలు పైకెత్తాను.

"నలభై సెకన్లు ఆగండి."

పది సెకన్లు కూడా ఆగలేకపోయాం. టేబుల్ కింద ఇద్దరం పడి పడి నవ్వుతుంటే పైన గాజుగిన్నె గలగలలాడింది.

ఆదివారం పొద్దున పదింటికల్లా కారు ప్రదర్శనలో ఉంది. స్కేలు బాబాయ్ నూట పద్నాలుగూ లెక్కపెట్టాడు. పొగగొట్టాలు అరమిల్లీమీటరు పొడుగన్నాడు, సీటు ఎడమకు ఒరిగిందన్నాడు. కుడిపక్కకు వచ్చి ఆగాడు. భూతద్దం తీశాడు. "లీవరు మాత్రం కిట్‌లో వచ్చేదానికంటే బాగుంది. ఎక్కడ దొరికిందయ్యా?" అన్నాడు. మావారు నా జడ వైపు చూపించారు. బహుమతేం రాలేదు. కారు మాత్రం ఏడాదిపాటు క్లబ్బు అద్దాల బీరువాలో ఉంటుందట.

అంటే టేబుల్ ఖాళీ!

సోమవారం సాయంత్రం టేబుల్ తుడిచాను. గది ఊడ్చాను. నాలుగు నెలలుగా నేను కలగన్న విధంగా, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, రెండు కప్పుల టీ పెట్టాను. కూర్చున్నాం. టేబుల్ వెడల్పు మూడడుగులు. ఆయన ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున.

"టీ బాగుంది" అన్నారాయన.

"పంచదార సరిపోయిందా?" అన్నాను.

"సరిపోయింది."

గడియారం చప్పుడు వినబడింది. ఆయన కప్పు అంచు తుడిచారు. నేను రాసి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ ఆయన అనలేదు. నిమిషంలో ఇద్దరి చేతులూ ఫోన్ల వైపు వెళ్ళాయి. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకున్నాం!

ఇప్పుడర్థమైంది, పాఠకులారా. నేను ఇన్నాళ్ళూ కారును నిందిస్తూ, నిందిస్తున్నట్టు తెలియకుండా పొగుడుతూ వచ్చాను. దాని తప్పేమీ లేదు. తప్పంతా టేబుల్‌ది! ఇద్దరు మనుషుల మధ్య మూడడుగుల చెక్క అడ్డం వేసి, ఇక మనసువిప్పి మాట్లాడుకోండి అన్నవాడెవడో, వాణ్ణి నిలదీయాలి. డిగ్రీ చదివిన నాకు, డిప్లొమా చేసిన ఆయనకు, 'కాసేపు నా దగ్గర కూర్చో' అనే నాలుగు మాటలు నోటికి రావడం లేదు. అదే బియ్యపు గింజలో సగం ప్లాస్టిక్ పోతే గంటన్నర మాట్లాడుకుంటాం! ప్రభుత్వం కిట్ ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఇంటికొక చిన్న వస్తువు పోగొట్టి పెడితే చాలు.

ప్రభుత్వం కోసం ఎదురుచూస్తే టీ చల్లారిపోతుంది. నేను కప్పు కింద పెట్టాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను.

"అయ్యో!" అన్నాను.

"ఏమైంది?"

"దుద్దు మర. కింద పడింది."

మావారు నా కుడిచెవి వైపు చూశారు. ఎడమచెవి వైపు చూశారు. లిఫ్టు తలుపుకు ఎన్ని స్క్రూలుండాలో చూపుతోనే లెక్కపెట్టే మనిషి ఆయన. రెండు దుద్దులకూ రెండు మరలూ ఉన్నాయని ఆయనకు కనబడకుండా ఉంటుందా?

"అరెరే" అన్నారాయన. ఫోన్ బోర్లా పెట్టి, కుర్చీ వెనక్కి జరిపారు. "ఎటు పడిందో చూశావా?"